తోక వచ్చిందా?

నేను ఒక ఇనుప బంతిని. బత్తాయి పండంత ఉంటాను, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. నున్నగా గుండ్రంగా ఉన్నానని పిల్లలు నన్ను ఆటవస్తువు అనుకుంటారు. ఆటవస్తువును కాను, రైల్వే ఉద్యోగిని. జీతం అడగలేదు, సెలవు అడగలేదు, ఎన్నడూ ఆకలనీ దప్పికనీ అనలేదు. అలాంటి ఉద్యోగులంటే పై అధికారులకు మహా ఇష్టం కనుక నన్ను అపురూపంగా చూసుకున్నారు. ఇప్పుడు పాత రైలు సామాన్లు పెట్టిన ఒక ప్రదర్శనశాలలో, గాజు పెట్టెలో, నీలం గుడ్డ మీద కూర్చుని ఉన్నాను. నా ముందున్న చీటీ మీద ‘రైళ్ళ భద్రత కోసం వాడిన బంతి, ఎర్రమిట్ట – బోడికొండ స్టేషన్ల మధ్య’ అని రాశారు. భద్రత అన్న మాట ఎవరైనా పైకి చదివితే నాకు ఒళ్ళు మండుతుంది.

నా పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది మీకు అంతు చిక్కదు. ఒకే పట్టా ఉన్న దారిలో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బండి ఉండాలి. అందుకని ప్రతి స్టేషన్లో ఒక యంత్రం పెట్టి, దాని కడుపులో నాలాంటి బంతుల్ని నింపారు. ఇటు స్టేషన్ మాస్టరూ అటు మాస్టరూ గంటలు కొట్టుకుని ఒప్పుకుంటేనే ఒక బంతి బయటికి దొర్లుతుంది. అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా ఇంకో బంతి ఎవరికీ రాదు. పేము బద్దను గుండ్రంగా వంచి, దానికి తోలుసంచి కట్టి, అందులో నన్ను వేసి డ్రైవరుకు అందిస్తారు. నేను చేతిలో ఉన్న డ్రైవరే ఆ దారిలోకి పోవాలి. నేను లేకపోతే ఎంతటి మెయిలు బండి అయినా బుద్ధిగా నిలబడాల్సిందే. మనుషులు మాట ఇచ్చి తప్పుతారని బాగా ఎరిగిన వాడెవడో మాటకు బదులు ఇనుమును పెట్టాడు. పాపం, ఆ ఇనుమును పట్టుకునేది కూడా మనుషులేనని మరిచిపోయాడు.

నాకూ ఒక లోపం ఉంది. నేనెప్పుడూ ఇంజన్లోనే తిరుగుతాను. వెనక ఎన్ని పెట్టెలు వస్తున్నాయో, అన్నీ వచ్చాయో లేదో నాకు తెలియదు. అది తెలియడానికి చివరి పెట్టెకు ఒక ఎర్ర బిళ్ళ తగిలిస్తారు. పట్టాలు మార్చి జెండా చూపే పాయింట్స్‌మన్‌ స్టేషన్ చివర నిలబడి, ఆ బిళ్ళను కళ్ళారా చూసి, మాస్టరుకు చెప్పాలి. నియమాల పుస్తకంలో దీనికి పెద్ద పెద్ద మాటలున్నాయి. మా ఎర్రమిట్టలో మాత్రం మాస్టరు “తోక వచ్చిందా?” అని కేకేసేవాడు, పాయింట్స్‌మన్‌ “వచ్చిండాది సార్” అని కేకేసేవాడు. ఆ తరువాతే నన్ను యంత్రంలో వేసేవాళ్ళు. ఈ రెండు కేకల మీదే అన్ని బండ్లూ, అందులోని ప్రాణాలన్నీ నడిచేవి.

నన్ను పోత పోసింది సముద్రం అవతల. అప్పట్లో రైలు ఒక కంపెనీది. కంపెనీ వాళ్ళు లాభం కోసం పట్టాలు వేశారు, ఆ మాట దాచుకోలేదు కూడా. నల్లమల కొండల్ని తొలిచి దారి చేసినప్పుడు చలిజ్వరంతో పోయిన కూలీల సమాధులు మా లైను పక్కనే ఉండేవి. వాటి మీద పేర్లు లేవు గాని, నా ఒంటి మీద మాత్రం రెండు స్టేషన్ల పొడి అక్షరాలు ముచ్చటగా చెక్కారు. అవే నా జాతకం. దేశమంతా పాకిన రైలులో పని చేశాను, చూసింది రెండు స్టేషన్లే. పొద్దున ఎర్రమిట్ట, మధ్యాహ్నం బోడికొండ, సాయంత్రం మళ్ళీ ఎర్రమిట్ట. గానుగెద్దు కూడా నన్ను చూసి జాలిపడేది.

ఎర్రమిట్ట పేరు గొప్ప, ఊరు దిబ్బ. నిజానికి ఊరు కూడా లేదు. రెండు బండ్లు ఒకదానినొకటి తప్పుకోవడానికి కొండ మీద కట్టిన స్టేషన్ అది. ఒక గది, నాలుగు క్వార్టర్లు, చుట్టూ రాతినేల. బావి తవ్వితే సమ్మెట పిడి విరిగింది గాని చెమ్మ తగల్లేదు. వారానికొకసారి బండికి ఒక నీళ్ళ ట్యాంకు పెట్టె తగిలించి పంపేవాళ్ళు. ఎండాకాలంలో అది రావలసిన వారానికి రాదు. వచ్చేదాకా ట్యాంకు అడుగున మిగిలిన పచ్చనీళ్ళే గతి. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా, దప్పిక ఆగుతుందా?

బోడికొండలో తియ్యటి బావి ఉంది. అక్కడినుంచి ఒక గొట్టం వేయమని స్టేషన్ వాళ్ళు అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఖర్చు ఎక్కువ, కుదరదు అంది కంపెనీ. తరువాత స్వాతంత్య్రం వచ్చింది, కొన్నాళ్ళకు మా లైను సర్కారుదైంది. ఆ రోజు ఎర్రమిట్టలో గుమ్మానికి మామిడాకులు కట్టారు, బెల్లం పంచారు. గోడ మీద కంపెనీ పేరుకు సున్నం కొట్టి కొత్త పేరు రాశారు. నా యంత్రం మీది ఇత్తడి పలకను మాత్రం తీయలేక గుడ్డతో తుడిచి ఊరుకున్నారు. “ఇంక మన రైలు సార్. మనకు మనం నీళ్ళు ఇచ్చుకోలేమా?” అన్నాడు పాయింట్స్‌మన్‌ మద్దిలేటి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని. మళ్ళీ అర్జీ పెట్టారు. పరిశీలిస్తాం అంది సర్కారు. కంపెనీ మాటకు తిట్టుకున్న వాళ్ళే ఈ మాటకు సంబరపడ్డారు. నీళ్ళు మాత్రం రెండు మాటలకీ రాలేదు.

మద్దిలేటి గురించి చెప్పాలి. ఎముకలు తేలిన పొడుగాటి మనిషి. నన్ను పేము వలయంలో పెట్టి చెయ్యి చాపి నిలబడితే, పరుగు మీదున్న ఇంజన్‌ డ్రైవరు చెయ్యి గురితప్పకుండా వచ్చి తగిలేది. చాలామంది ఆఖరి క్షణంలో చెయ్యి వెనక్కి లాక్కుంటారు, అతను లాక్కునేవాడు కాదు. నాకు అతనంటే ఇష్టం. కంపెనీ చివరి ఎండాకాలంలో అతని మొదటి బిడ్డ ఆ పచ్చనీళ్ళు తాగి, వాంతులూ విరేచనాలూ పట్టుకుని, బోడికొండ ఆసుపత్రికి తీసుకుపోయే బండి కోసం ప్లాట్‌ఫాం మీద ఎదురుచూస్తూ చచ్చిపోయింది. బండి సకాలంలోనే వచ్చింది. ఆ బండికి బంతి ఇవ్వాల్సింది మద్దిలేటే కనుక, బిడ్డను పెళ్ళాం ఒళ్ళో పడుకోబెట్టి, లేచి వెళ్ళి ఇచ్చాడు. ఆ రోజు కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

తరువాత మళ్ళీ ఒక ఆడబిడ్డ పుట్టింది. ఏడాది నిండేదాకా పేరు పెడితే దేవుడి కంట పడుతుందని భయపడి, ఆ తల్లి సుంకులమ్మ బిడ్డను ‘పాప’ అని కూడా గట్టిగా పిలిచేది కాదు. ట్యాంకు నీళ్ళు బిడ్డ నోటికి తగలనిచ్చేది కాదు. అప్పటి బొగ్గు ఇంజన్లలో ఎప్పుడూ నీళ్ళుండేవి. బండి ఆగితే, డ్రైవరు దయ తలిస్తే, ఇంజన్‌ పక్క గొట్టంలోంచి కాగిన నీళ్ళు వదిలేవాడు. అందుకే ఎర్రమిట్టలో బండి వస్తుందంటే ఆడా మగా బిందెలు పట్టుకుని ఇంజన్‌ దగ్గరకు పరుగెత్తేవాళ్ళు. దేశంలో ఇంకెక్కడైనా జనం బండిలో వచ్చే మనుషుల కోసం చూస్తారు. మా స్టేషన్లో ఇంజన్‌ తప్ప మరేదీ ఎవరి కంటికీ ఆనేది కాదు.

ఇంకో దారిలో కూడా ఆ బిడ్డకు నీళ్ళు వచ్చేవి. గూడ్సు బండి గార్డు మస్తాన్‌వలీ బోడికొండ బావి నీళ్ళు ఒక క్యానులో నింపి, మూతికి తడిగుడ్డ చుట్టి, తన పెట్టెలో పెట్టుకుని తెచ్చేవాడు. గార్డు పెట్టె బండికి తోక. కనుక ఆ నీళ్ళు తోకతో వచ్చేవి. సంతకం పెట్టడానికి మా గదికి వచ్చినప్పుడు వరండాలో సుంకులమ్మకు క్యాను అందిస్తూ, “ఏం సెల్లె, నా కోడలు ఎట్లుంది?” అనేవాడు.

“నీ నీళ్ళతోనే పెరుగుతాండాదన్నా. నీకు బువ్వ పెట్టే రోజు రావాల” అనేది ఆమె.

“బువ్వేం వద్దులే. పెద్దదైనాక ఒక లోటా నీళ్ళిస్తే సాలు” అని నవ్వేవాడు మస్తాన్‌వలీ. నవ్వితే అతని వక్కపళ్ళు కనిపించేవి. చిక్కేమిటంటే, ఏ గూడ్సుకు ఏ గార్డు వస్తాడో బండి వస్తే గాని తెలియదు. వారానికి ఒకసారి రావచ్చు, నెలకు ఒకసారి రావచ్చు.

లైను సర్కారుదైన తరువాతి ఎండాకాలం అది. నీళ్ళ పెట్టె రాక చాలా రోజులైంది. ఆ పొద్దున బిడ్డ పాలు కక్కింది, తరువాత విరేచనాలు మొదలయ్యాయి. మొదటి బిడ్డకు మొదలైనట్టే మొదలైంది. క్వార్టర్లో పిడికెడు నీళ్ళు లేవు. మద్దిలేటి మా గదికి వచ్చి మాస్టరు పద్మనాభరావు ముందు నిలబడ్డాడు.

“సార్, బిడ్డకు బాగలేదు. గూడ్సు వస్తే ఇంజన్‌కాడ రెండు చెంబులు పట్టుకుంటా. ఆలస్యమైతే జనం ఊడ్చేస్తారు.”

పద్మనాభరావు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తరువాత మీరు అతన్ని తిట్టుకుంటారు. అతని ఇంట్లో ముసలి తల్లి ఉంది, ఆమె నాలుక కూడా ఎండిపోయి ఉంది. ఒక్క నిమిషం ఆలోచించి, “సరే పో. పోయేటప్పుడు మా ఇంట్లో బిందె కూడా తీసుకుపో. ముందు అది నింపు” అన్నాడు. తోక ఎవరు చూస్తారని అతను అడగలేదు. అతనే చూడాలనుకున్నాడేమో, నాకు తెలియదు.

నేను అప్పుడు బోడికొండ యంత్రంలోంచి బయలుదేరి గూడ్సు ఇంజన్లో కొండ ఎక్కుతున్నాను. ఈ పొద్దుటి మాటలు నాకెలా తెలిశాయంటారా? తరువాత ఆ ఇద్దరూ నా ముందే ఏడుస్తూ చెప్పుకున్నారు. కొండ సగం ఎక్కాక వెనక ఎక్కడో ఒక కుదుపు తగిలింది. ఎత్తు మీద ఇంజన్‌ ఒక్కసారి తేలికై ముందుకు దూకింది. డ్రైవరు కుప్పుసామి, “ఏందప్పా, ఇంజన్‌ ఈపొద్దు ఉషారుగుండాది!” అని మెచ్చుకున్నాడు. ఆ కాలపు గూడ్సు పెట్టెలన్నిటికీ తెగితే బండిని నిలిపేసే బ్రేకు గొట్టాలు ఉండేవి కావు. మధ్యలో కొక్కెం తెగి సగం పెట్టెలు వెనకే నిలిచిపోయినా, వంపుల దారిలో, పొగలో, ముందువాడికి తెలియదు. ఆ సగంలో చివరి పెట్టె మస్తాన్‌వలీది.

ఎర్రమిట్ట చేరాం. పక్క పట్టా మీద ప్యాసింజరు బండి కాసుకుని ఉంది. అది మేము వచ్చిన దారినే బోడికొండ దిగాలి. అప్పటికే బాగా ఆలస్యమైంది, పై ఆఫీసు ఫోను మీద ఫోను చేసి పద్మనాభరావును చీవాట్లు పెడుతోంది. ఇంజన్‌ చుట్టూ బిందెలు, అరుపులు, తోపులాట. కుప్పుసామి గొట్టం తిప్పాడు. మద్దిలేటి మోకాళ్ళ మీద కూర్చుని మాస్టరు బిందె కింద పెట్టాడు. నన్ను డ్రైవరు చేతిలోంచి పద్మనాభరావే వచ్చి అందుకున్నాడు. స్టేషన్ చివరికి ఒకసారి చూశాడు. గూడ్సు పెట్టెలు అడ్డంగా నిలబడి ఉన్నాయి, అవతల ఏమీ కనబడదు.

“తోక వచ్చిందా మద్దిలేటీ?” అని కేకేశాడు.

ఎవరిని అడుగుతున్నాడో, ఆ మనిషి ఎక్కడ కూర్చుని ఉన్నాడో అతని కళ్ళ ముందే ఉంది. అయినా అడిగాడు. ప్రతిరోజూ అడిగేది కనుక అడిగాడు.

“వచ్చిండాది సార్” అన్నాడు మద్దిలేటి, బిందెలోంచి కళ్ళు తిప్పకుండా. ప్రతిరోజూ చెప్పేది కనుక చెప్పాడు. అంతకు ముందు ఎన్ని వేలసార్లు చెప్పాడో, ఒక్కసారి కూడా అది అబద్ధం కాలేదు.

నన్ను యంత్రంలో వేసి, బోడికొండతో గంటలు కొట్టుకుని, కొత్త బంతి తీయాలి. దానికి కొంతసేపు పడుతుంది. ఎండలో అందరూ చేసే సులువు పని ఒకటుంది, ఇటు నుంచి వచ్చిన బంతినే అటు పోయేవాడి చేతిలో పెట్టడం. పద్మనాభరావు అదే చేశాడు. ప్యాసింజరు డ్రైవరు నన్ను అందుకుని, నా మీది అక్షరాలు చదివి, తృప్తిగా తల ఊపాడు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను చేతిలో ఉన్నానంటే దారి ఖాళీ అని అర్థం. ఆ రోజు నా చేత అబద్ధం చెప్పించారు. నాకు నోరు లేదు. నోరున్న వాళ్ళు నీళ్ళ దగ్గర ఉన్నారు.

కొండ దిగేటప్పుడు బండికి బరువు తోడు. పట్టాల మీద టప్ టప్‌మని రెండు పేలుళ్ళు వినిపించాయి. అవి ప్రమాదం ఉందని చెప్పడానికి గార్డులు పట్టా మీద కట్టే టపాసు బిళ్ళలు. డ్రైవరు గట్టిగా అరుస్తూ బ్రేకు లాగాడు. “ఎవురో జెండా ఊపుతాండారు! కొండ కోతలో ఉండాడు!” అని బొగ్గు వేసేవాడు అరిచాడు. కొండ కోత అంటే రెండు వైపులా రాతిగోడ, నడుమ ఒక్క బండి పట్టే చోటు. తెగిన పెట్టెలు వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్ళు పెట్టి, మస్తాన్‌వలీ ఆ ఎండలో కొండ పైకి పరుగెత్తుకొచ్చాడు. ఇంజన్‌ తన కోసం తిరిగి వస్తుందని అనుకుని ఉంటాడు. వచ్చింది ప్యాసింజరు. మస్తాన్‌వలీ కోత లోపలికి రాకుండా బయటే ఆగి ఉంటే బతికేవాడు. కాని వంపు అవతల నిలబడ్డ మనిషి డ్రైవరుకు కనపడడు. అందుకే లోపలికి వచ్చాడు, పక్కకు తప్పుకోవడానికి చోటు లేదని తెలిసే వచ్చాడు.

బండి చాలా నెమ్మదించింది. కాని పూర్తిగా ఆగకముందే తెగిన పెట్టెలను గుద్దింది. మిగతాది నేను సంచిలో చీకట్లో విన్నాను. మస్తాన్‌వలీ పోయాడు. బొగ్గు వేసేవాడు పోయాడు. మొదటి పెట్టెలో కూర్చున్న వాళ్ళలో కొందరు పోయారు. బండి ఆ మాత్రం నెమ్మదించకపోతే కొండ దిగువ లోయే గతి అని అందరూ అన్నారు. ఎంతమందిని కాపాడాడో లెక్క వేయడం తేలిక, ఆ లెక్క అతని పిల్లలకు చెప్పడమే కష్టం.

సాయంత్రానికి నన్ను ఎర్రమిట్ట గదిలోకి తెచ్చి బల్ల మీద పెట్టారు. నా పక్కన ఇంకో వస్తువు పెట్టారు. అది మూతికి గుడ్డ చుట్టిన క్యాను. తెగిన పెట్టెల్లో చిట్టచివరిది గార్డు పెట్టె, దానికి దెబ్బ తగల్లేదు. మూలన ఒరిగి ఉన్న క్యానులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

మద్దిలేటి ఆ క్యానును చూశాడు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. తన చోట తాను నిలబడి తోక కోసం ఎదురు చూసి ఉంటే, అదే బండిలో, అదే తోకతో, తన బిడ్డకు నీళ్ళు వచ్చేవి. తోక రాలేదని తెలిసి ఉంటే ఎవరూ చచ్చేవాళ్ళు కాదు. అతనికి ఆ రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి.

సుంకులమ్మ బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక, ఎండిన పెదాలు కదుపుతోంది. ఇంజన్‌ దగ్గర మొదట నిండింది మాస్టరు బిందె, రెండోది నిండకముందే కుప్పుసామి గొట్టం ఆగిపోయింది. ఆమె క్యాను వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

“తాపనా?” అంది.

ఆమె గుడ్డ విప్పింది. ముందు తన నోట్లో పోసుకుని చూసి, తరువాత ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా బిడ్డకు తాపింది. ఆమె కళ్ళ నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు. “తాగు తల్లీ, మీ మామ తెచ్చినాడు” అంటోంది. బిడ్డ ఆబగా తాగింది. పెద్దలు చేసిన పాపం పసిదానికి తెలియదు కదా, దాహం ఒక్కటే తెలుసు. నేను ఎన్నో చూశాను గాని, అంత దుఃఖం మళ్ళీ చూడలేదు.

ఆమె వెళ్ళాక పద్మనాభరావు తలుపు వేసి మద్దిలేటి ముందు నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ పొద్దుటి మాటలు తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి, “నా బిందె మాట ఎత్తకు మద్దిలేటీ. ఇద్దరం మునగడం ఎందుకు? నేను మిగిలితే నీ పెళ్ళాం బిడ్డల్ని నా తోబుట్టువులా చూసుకుంటాను” అన్నాడు. మద్దిలేటి తల ఊపాడో, ఊరికే తల వాల్చాడో నాకు తెలియలేదు. పద్మనాభరావు మాత్రం ఊపినట్టే తీసుకున్నాడు.

విచారణకు పెద్ద అధికారి సొంత పెట్టెలో వచ్చాడు. ఆ పెట్టె నెత్తిన పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంది. బల్ల మీద నన్ను సాక్ష్యంగా పెట్టారు, నా పక్కన ఆయన కోసం మూత పెట్టిన గ్లాసుతో నీళ్ళు పెట్టారు.

“తోక చూశావా?” అని అడిగాడు ఆయన.

“లేదు సార్.”

“చూడకుండా వచ్చిందని ఎందుకు చెప్పావు?”

“దినామూ వస్తాది సార్. వచ్చింటాదనుకున్యా.”

“నీ చోటు వదిలి ఎక్కడికి పోయావు?”

“నీళ్ళకు సార్. బిడ్డకు బాగలేకపాయె.”

“ఎవరిని అడిగి పోయావు?”

మద్దిలేటి మాస్టరు వైపు చూశాడు. మాస్టరు నా వైపు చూశాడు, నేను అతన్ని కాపాడేటట్టు.

“ఎవురినీ అడగలే సార్. నేనే పోయినా” అన్నాడు మద్దిలేటి.

అధికారి మూత తీసి నీళ్ళు తాగాడు. పద్మనాభరావును బంతిని యంత్రంలో వేయకుండా చేతులు మార్చినందుకు మందలించి వేరే ఊరికి బదిలీ చేశారు. మద్దిలేటికి ఉద్యోగం పోయింది, కొంతకాలం జైలు పడింది. కారణం విధి నిర్వహణలో నిర్లక్ష్యం అని చదివి వినిపించారు. చదివిన దానిలో నీళ్ళు అన్న మాట ఎక్కడా లేదు. తోబుట్టువులా చూసుకుంటానన్న పద్మనాభరావు బదిలీ మీద వెళ్ళే రోజు సుంకులమ్మ క్వార్టర్ ముందు నుంచే నడిచి వెళ్ళాడు. తల మాత్రం అటు తిప్పలేదు.

సాక్ష్యంగా వెళ్ళినదాన్ని నేను మళ్ళీ యంత్రంలోకి రాలేదు. ఒక ఆఫీసు బీరువాలో, తుప్పు కత్తెరలతో, పాత తాళాలతో ఏళ్ళకేళ్ళు పడి ఉన్నాను. బయట రైలు ఎంత పెరిగిందో బీరువా ముందు గుమాస్తాలు చెప్పుకుంటుంటే వినేదాన్ని. బొగ్గు ఇంజన్లు పోయి డీజిలు వచ్చాయట. డీజిలు ఇంజన్లో నీళ్ళుండవు కనుక ఎర్రమిట్టకు అప్పుడు గొట్టం వేశారట. దాహమైనప్పుడు బావి తవ్వినట్టు అంటారు, వీళ్ళు అందరూ వెళ్ళిపోయాక తవ్వారు. ఎందుకంటే తరువాత చిన్న పట్టాలు పీకి పెద్ద పట్టాలు వేశారు, కొత్త దారి కొండకు అవతలి నుంచి పోయింది, ఎర్రమిట్ట స్టేషన్ మూతపడింది. కొళాయి మాత్రం అక్కడే ఉందట, మేకలవాళ్ళు తాగుతారట. బంతుల పని దీపాలకూ తీగలకూ అప్పగించారు. నా తోటి బంతుల్ని తూకానికి వేసి కరిగించారు. సాక్ష్యానికి వెళ్ళినదాన్ని కనుక నేను మిగిలాను. ఎవరో కొత్త అధికారి బీరువా తెరిచి, నన్ను చూసి ముచ్చటపడి, మెరుగు పెట్టించి, ఈ గాజుపెట్టెలో కూర్చోబెట్టాడు.

మొన్న ఒక ముసలావిడ వచ్చింది. పక్క ఆసుపత్రిలో పని చూసుకుని, బయట బోర్డు చూసి లోపలికి వచ్చిందట. గుమ్మం దగ్గర కాపలా అతను, “అమ్మా, నీళ్ళ సీసా లోపలికి తేగూడదు. ఇక్కడ పెట్టి పో” అన్నాడు. పెట్టింది. ఒక్కొక్క పెట్టె ముందూ ఆగుతూ వచ్చి, నా చీటీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, చెయ్యి గాజుకు ఆనించి నిలబడిపోయింది.

“ఏం పెద్దమ్మా, అట్టా నిలబడినావు?” అని అతను దగ్గరకు వచ్చాడు.

“ఇది మా నాయన పట్టుకున్యాది” అంది ఆమె. “ఎర్రమిట్టలో పాయింటుమేను. మద్దిలేటి. నా పేరు మస్తానమ్మ.”

ఆ పేరు వినగానే నాకు అంతా తెలిసిపోయింది. బిడ్డ బతికింది. ఏడాది నిండాక దేవుడి కంట పడుతుందని భయపడకుండా గట్టిగా పిలిచే పేరే పెట్టుకున్నారు.

జైలు నుంచి వచ్చాక మద్దిలేటి ఒక రైలు గేటు పక్కన గుడిసె వేసుకుని కూలి పనికి పోయేవాడని ఆమె చెప్పింది. ఎవరూ చెప్పకుండానే, ఏ బండి వచ్చినా లేచి నిలబడేవాడట. ఇంజన్‌ వైపు చూసేవాడు కాదట. జ్వరమొచ్చినా, వాన కురిసినా, ఆఖరి పెట్టె పోయేదాకా నిలబడి, “తోక వచ్చిండాది” అని తనలో తానే చెప్పుకునేవాడట. “అందరూ పిచ్చోడనేటోళ్ళు. సచ్చిపోయేనాడు కూడా మంచం మీదనుంచి నన్నడిగినాడు, తోక వచ్చిందా అమ్మీ అని. ఆ యాళప్పుడు బండే లేదు. ఏం చెప్పాల్నో తెలియక గమ్మునుంటి.”

అదే సమయానికి కిటికీ అవతల పట్టాల మీద ఒక పెద్ద బండి వచ్చింది. హాల్లో ఉన్న పిల్లలూ పెద్దలూ కిటికీ దగ్గరకు పరుగెత్తారు. ఇంజన్‌ చూశారు, చేతులు ఊపారు, నాలుగు పెట్టెలు పోగానే విసుగుపుట్టి వెనక్కి తిరిగారు. మస్తానమ్మ ఒక్కతే కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. పెట్టె తరువాత పెట్టె పోతూనే ఉంది. కొత్త కాలపు బండి, ఎంతకూ తరగదు. ఆమె కదల్లేదు. చివరికి గార్డు పెట్టె వచ్చింది, దాని వెనక ఇప్పుడు ఎర్ర బిళ్ళకు బదులు వేసే పసుపు రంగు గుర్తు కనిపించి, దూరమై, చిన్నదైపోయింది.

“వచ్చిండాది నాయనా” అంది ఆమె, ఎవరూ లేని పట్టాల వైపు చూస్తూ. “తోక వచ్చిండాది.”

తరువాత గుమ్మం దగ్గరకు వెళ్ళి తన సీసా తీసుకుంది. మూత విప్పి, కాపలా అతను కూడా ఎండలో నిలబడే మనిషే కదా అనుకుందో ఏమో, ముందు అతనికి చాపింది.